చింతపండు అక్కర్లేని చేప

రాయచూరు స్టేషను రోడ్డులో రంగుచేపల దుకాణం ఒకటి ఉంది. ఇరవై ఏళ్లుగా రోజుకు రెండుసార్లు దాని ముందు నుంచే నడుస్తున్నా ఒక్కనాడూ లోపలికి తొంగిచూడలేదు. నాకు తెలిసి చేపను చూడవలసిన చోటు కంచం. అలాంటివాణ్ణి మొన్న మా ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. హాల్లో ఈశాన్యం మూల చేపల తొట్టి పెడితే ఇంటికి ప్రశాంతత వస్తుందని ఆమెకు ఎవరో చెప్పారట. పాతికేళ్లుగా నాతో కాపురం చేస్తున్న మనిషి కాస్త ప్రశాంతత కోరుకోవడంలో అన్యాయం ఏమీ లేదు కాబట్టి నోరెత్తకుండా వెళ్లాను. లోపల గోడ పొడుగునా అద్దాల తొట్లు, వాటిలో పెళ్లివారింటి ఆడపడుచుల్లా తళతళలాడుతూ, ఏ పనీ లేకుండా అటూ ఇటూ తిరిగే చేపలు. నేను మర్యాదకు ఒక్కొక్క తొట్టి ముందు ఆగి తలాడిస్తూ పోతున్నాను. అడుగు వరసలో మూలనున్న తొట్టి దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు నేలకు అంటుకుపోయాయి. గులకరాళ్ల మధ్య నా చూపుడు వేలంత చేప ఒకటి మూతి కిందికి వంచి, పొట్టి మీసాలతో నేలను తడుముకుంటోంది, పడిపోయిన కళ్లజోడు వెతుక్కునే ముసలాయనలాగ. పసుపుపచ్చని ఒళ్లు. తల నుంచి తోక దాకా ఒంటి చుట్టూ సన్నని నల్లటి చారలు, ఎవరో మహా ఓపికస్తుడు రూళ్లకర్ర పట్టుకుని గీసినట్టు.

"పులుపు చేప!" అని అరిచాను. ఆ అరుపుకు దుకాణంలోని చేపలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయంటే మీరు నమ్మరు. మా ఆవిడ మాత్రం తిరిగింది. దుకాణదారు కుర్రాడు, పాత రాయచూరు మనిషి, కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. "పులుపేంది సార్? గిది తినేటిది కాదు, సాకేటిది," అన్నాడు. ఆ ముక్క ముప్పయ్యేళ్ల కిందట మా క్యాంపుకు వచ్చి ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంటి చరిత్ర వేరుగా ఉండేది.

మా క్యాంపు రాయచూరు జిల్లాలోనే, సింధనూరు దగ్గరున్న బాళగనూరుకు కూతవేటు దూరంలో ఉంటుంది. తుంగభద్ర కాలువ నీళ్లు వస్తున్నాయని విని కృష్ణా గోదావరి జిల్లాల నుంచి మూటాముల్లే సర్దుకుని వచ్చినవాళ్లు మొదట గుడిసెలు వేసుకున్నారు. నాలుగు పంటలు చూసి వెళ్లిపోదాంలే అనుకుని దానికి క్యాంపు అని పేరు పెట్టారు. గుడిసెలు పెంకుటిళ్లయ్యాయి, పెంకుటిళ్లు డాబాలయ్యాయి, డాబాల మీద డాబాలు లేచాయి. అయినా అది ఇవాళ్టికీ క్యాంపే. మునిమనవల పుట్టువెంట్రుకలు తీయించిన వాళ్లు కూడా ఇంకా దిగడానికి వచ్చినవాళ్లలాగే మాట్లాడతారు. అక్కడ కొత్త మనిషి కనిపిస్తే ముందు పేరు అడగరు, "ఏ ఊరు?" అని అడుగుతారు. సింధనూరు ఆసుపత్రిలో పుట్టి, బాళగనూరు బడిలో చదివి, కాలువ దాటి బయటికి అడుగు పెట్టని పిల్ల కూడా తడుముకోకుండా "భీమవరం దగ్గరండీ" అంటుంది. ఊరు తెలిస్తే మనిషి తెలిసినట్టే. పేరుదేముంది, తరవాత తీరిగ్గా కనుక్కోవచ్చు.

నేను మాత్రం రాయచూరులో పెరిగాను. మా నాన్నది కరెంటు తయారుచేసే చోట ఉద్యోగం. నేను పి.యు.సి. కన్నడంలో తప్పాను. తప్పడమంటే అంచుదాకా వచ్చి జారిపోవడం కాదు. దిద్దినాయన నా పేపరు ఇంటికి పట్టుకుపోయి వాళ్లావిడకు చదివి వినిపించి ఉంటాడని ఇప్పటికీ నా అనుమానం. పొలం పనుల్లో పడితే బుద్ధి వస్తుందని మా నాన్న నన్ను క్యాంపులో ఉన్న పెదనాన్న ఇంటికి పంపించాడు. పొలం పని నేర్చుకోవడానికి మా పెదనాన్న దగ్గరికి పంపడమంటే ఈత నేర్చుకోవడానికి పిల్లి దగ్గరికి పంపినట్టే. ఆ సంగతి మా నాన్నకూ తెలుసు, కానీ వేరే అన్నయ్య లేడు.

మా పెదనాన్న సుబ్బారావుగారి పొలం కాలువకు చిట్టచివర ఉండేది. పైనున్న వాళ్లందరి పొలాలూ తిరిగి తిరిగి, నీళ్లు మా మడి దాకా వచ్చేసరికి అలిసిపోయేవి. వచ్చిన కాసినీ వెనక్కి పోయే దారి లేక అక్కడే నిలిచి చౌడు తేలేది. మిట్టమధ్యాహ్నం గట్టు మీద నుంచి చూస్తే ఎకరాలకొద్దీ మజ్జిగ ఒలికినట్టు కనిపించేది. నారుమళ్ల గురించి గానీ ఎరువుల గురించి గానీ క్యాంపులో ఎవరూ ఆయన్ని సలహా అడిగేవారు కాదు. ఆయన ఏం చేస్తున్నాడో కనుక్కుని అది చెయ్యకుండా ఉంటే చాలని కొందరు మాత్రం అనుకునేవారు. వాళ్లలో మొదటివాడు మా పెద్దమ్మకు అన్న వరసయ్యే రామ్మూర్తి మావయ్య. ఆయన వరి చేను గాలికి ఊగితే గట్టు మీద నిలబడ్డవాడికి కళ్లు తిరిగేవి, అంత ఏపు.

అయితే చేప దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడేది. పెదనాన్న కొల్లేటి అంచున పుట్టినవాడు. క్యాంపులో ఎవరి గాలానికి ఏది పడినా, ఎవరి మడిలో ఏది ఎగిరినా, దాన్ని చెంబులోనో తపేలాలోనో వేసుకుని మా అరుగు దగ్గరికి రావలసిందే. పెదనాన్న వేపపుల్ల నములుతూ పడక్కుర్చీలో కూర్చుని ఉండేవాడు. పై పంచె ఎడమ భుజం మీదికి వేసుకున్నాడంటే న్యాయస్థానం మొదలైనట్టు. చేపను అరచేతిలోకి తీసుకుని మొదట మూతి, తరవాత మీసం, ఆ తరవాత మొప్ప చూసేవాడు. చూసి, దాని పేరు, దాని ఊరు, దాని గుణం, పులుసుకు పనికొస్తుందా వేపుడుకా, చింతపండు ఎంత, ఉల్లిపాయ ఎంత, బాలింతకు పెట్టొచ్చా లేదా, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేవాడు. ఇసుకదొందు, బొమ్మిడాయి, వాలుగ, మట్టగిడస, ఏదైనా సరే ఆయన అరచేతిలో పడితే చాలు, పెళ్లిచూపుల్లో పెళ్లికూతురిలా తన వంశం అంతా చెప్పేసుకునేది. "తెలియదు" అనే మాట ఆ కుర్చీలోంచి వినబడగా విన్నవాడు క్యాంపులో లేడు. ఆయన అరుగు మీద ఉన్నంతసేపు ఆ చౌడు మడి ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. ఆయనకు కూడా.

ఈ తీర్పులన్నీ అమలు చేసేది మా పెద్దమ్మ. ఆమెది మరో సామ్రాజ్యం. పులుసు మట్టి దాకలోనే కాయాలి. గరిటె పెట్టకూడదు, గుడ్డతో దాక చెవులు పట్టుకుని తిప్పాలి. చింతపండు ఉప్పు కలిపి ముద్దలు కట్టి జాడీలో దాచేది. మూత తీస్తే వీధి మలుపులో ఉన్నవాడికి కూడా నోరూరేది. ఆ ముద్దను నానబెట్టి ఆమె పిసికే పద్ధతి చూసి తీరాలి: గింజ వేరు, పీచు వేరు, తొక్క వేరు, పలచని గుడ్డలో రెండుసార్లు వడకట్టేది. మా ఇంటి పులుసులో ఎన్నడూ ఎవరికీ చింతగింజ తగిలిన దాఖలా లేదు. భర్త చెప్పే మాటలకు అడ్డు చెప్పేది కాదు గానీ, ఆయన కొల్లేరు గురించి మొదలుపెట్టగానే వంటింట్లోంచి నాలుకతో "టిక్" మని చప్పరించేది. ఆ ఒక్క చప్పుడులో మహాకావ్యాలకు సరిపడా వ్యాఖ్యానం ఉండేది. పెదనాన్న ఆ చప్పుడు వినగానే గొంతు తగ్గించి, కొల్లేరును రెండు మైళ్లు చిన్నది చేసేవాడు.

ఆ ఏడు కాలువకు కొత్తనీరు వదిలిన వారంలో జరిగింది ఇదంతా. ఎండాకాలమంతా నెర్రెలిచ్చి పడున్న కాలువలోకి ఎర్రనీళ్లు రాగానే వచ్చే వాసన ఉంటుందే, దాన్ని సీసాలో పట్టి అమ్మితే అత్తరు సాయిబులు అంగళ్లు మూసుకోవాలి. పొద్దున్నే పొలం చూసొస్తానని చెప్పి, పెదనాన్న వెదురు గాలం తీసుకుని డ్రాపు దగ్గరికి పోయాను. డ్రాపు అంటే కాలువ ఒక్కసారిగా రెండు నిలువుల కిందికి దూకే చోటు. అక్కడ నురగ చల్లారే మూల చేపలు విశ్రాంతి తీసుకుంటాయి. వానపాము ఎర గుచ్చి కూర్చున్నాను. గంటలో చిన్న పరిగె చేపలు ఓ డజను పడ్డాయి. ఆ తరవాత గాలం బెండు ఒక్కసారి గుబుక్కున మునిగింది. నేను లాగాను. అటు నుంచి అది లాగింది. ఆ పోరాటం ఎంతసేపు సాగిందో చెప్పలేను గానీ, ఒక దశలో నేనే నీళ్లలోకి పోతానేమోనని గట్టు మీది తుమ్మచెట్టుకు కాలు మెలేశాను. తీరా పైకి వచ్చింది చూస్తే వేలెడు. వేలెడంటే పూర్తి వేలు కూడా కాదు, గోరు తీసేయాలి. చారల చారల చొక్కా వేసుకుని, మీసాలు ఆడిస్తూ నన్ను ఎగాదిగా చూసింది. కొక్కెం తీయబోతే కంటి కిందనుంచి చిన్న ముల్లు ఒకటి కత్తిలా బయటికి తెరుచుకుని నా బొటనవేలికి గుచ్చుకుంది. పైగా "టిక్, టిక్" మంది. చేప చప్పుడు చెయ్యడం నేనెప్పుడూ వినలేదు. అచ్చం మా పెద్దమ్మ నాలుక చప్పరించినట్టే ఉంది. భక్తితో చెంబులోకి వదిలాను.

అరుగు మీద పెదనాన్న పంచె ఎడమ భుజం మీదికి వేసుకుని చెంబులోకి చూశాడు. మూతి చూశాడు. మీసం చూశాడు. మొప్ప చూశాడు. నేను పేరు కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన మళ్లీ మూతి దగ్గర మొదలుపెట్టాడు. వేపపుల్ల నమలడం ఆగింది. ఆ నిశ్శబ్దంలో చెంబులోంచి "టిక్" మని వినిపించింది. పెదనాన్న ఉలిక్కిపడి వంటింటి వైపు చూశాడు.

"నేను కాదండీ బాబూ," అంది పెద్దమ్మ గుమ్మంలోంచి.

"ఏ ఊరే నీది?" అని చేపను అడిగాడు పెదనాన్న, చాలా నెమ్మదిగా, ఆ మాట పైకే అనేశానని తెలియనట్టు.

అప్పటికే వార్త పాకింది. క్యాంపులో వార్తకు కాళ్లు ఉండవు, రెక్కలే. పావుగంటలో అరుగు చుట్టూ తిరునాళ్లు. ఒకాయన జెల్ల పిల్ల అన్నాడు, ఇంకొకాయన పాముకీ చేపకీ పుట్టిందన్నాడు. వెనకనుంచి రామ్మూర్తి మావయ్య తువ్వాలు దులుపుకుంటూ ముందుకొచ్చాడు. చెంబులోకి ఒకసారి, పెదనాన్న ముఖంలోకి ఒకసారి చూసి, "ఏం బావా, కొల్లేరు ఎండిపోయిందా?" అన్నాడు.

అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. ఆయన కుర్చీ చేతుల మీద వేళ్లు బిగుసుకోవడం నేను చూశాను. నేను తెచ్చింది వేలెడు చేపే గానీ, దాంతో ఆ మనిషికి ఉన్న ఒక్కగానొక్క కుర్చీ కాళ్లు కోస్తున్నానని అప్పుడు తెలిసింది. తీసుకెళ్లి కాలువలో పారబోసి వద్దామనిపించింది. ఆలస్యమైపోయింది.

"పేరు నాలిక చివర ఉంది," అన్నాడు పెదనాన్న. "భోజనాల వేళకి చెప్తాను."

"ఎవరి నాలిక చివర బావా?" అన్నాడు మావయ్య.

సరిగ్గా అప్పుడే ఈరన్న సైకిలు దిగాడు. ఈరన్న కాలువ లస్కరు, అంటే తూములు ఎత్తేవాడు, దించేవాడు. మా చౌడు మడికి నీళ్లు వచ్చినా రాకపోయినా ఆయన చలవే. రాయచూరు పక్క మనిషి. పలకరింపు తెలుగులో, ఆశ్చర్యం కన్నడంలో, తిట్టు ఉర్దూలో వచ్చేవి, మూడింటికీ మూడు నాలుకలున్నట్టు.

"ఏంది పెద్దాయనా, గిట్ల గుమిగూడిన్రు? ఏమన్న పంచాయతా?" అంటూ జనంలోంచి తల దూర్చి చెంబులోకి చూశాడు. చూసి కళ్లు పెద్దవి చేశాడు. "అరెరె! హులి! హులి ఇద్దంగ ఐతి నోడ్రి! గింత చెంబుల ఎట్ల పట్టింది?" అని పకపక నవ్వి, తూము దించే టైమైందని, ఎవరినో కమ్మగా ఉర్దూలో తిట్టుకుంటూ సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కన్నడంలో హులి అంటే పులి. పులిలా ఉంది చూడండీ అన్నాడాయన, చారలు చూసి. హుళి అంటే పులుపు. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క నాలుక మడత. కన్నడం తెలిసినవాడికి ఆ మడతలో అడవికీ వంటింటికీ ఉన్నంత దూరం ఉంటుంది. మా పెదనాన్నకు వచ్చిన కన్నడం మొత్తం నాలుగు మాటలు. అందులో ఒకటి హుళి. సింధనూరు బస్టాండు దగ్గర భోజన హోటల్లో పెరుగు పులిసిందని "మొసరు హుళి, మొసరు హుళి" అని వారానికోసారి పోట్లాడి సంపాదించుకున్న మాట అది. ఇప్పుడు పెన్నిధిలా అక్కరకొచ్చింది. ఆయన ముఖం, కరెంటు పోయి వచ్చిన వీధిలా, ఒక్కసారి వెలిగింది.

"విన్నారా? హుళి! నేను అనబోయింది అదే," అని కుర్చీలో వెనక్కి వాలాడు. "పులుపు చేప. మా తాతగారి హయాంలో కొల్లేట్లో ఉండేది. నీళ్లలోని పులుపంతా ఇదే తాగుతుంది. దీన్ని వేస్తే పులుసులో చింతపండు అక్కర్లేదు. ఒక్కటి చాలు దాకెడు పులుసుకి."

"పెదనాన్నా," అన్నాను నేను మెల్లగా, "హులి అంటే పులి..."

"కన్నడంలో తప్పినవాడివి నువ్వు నాకు కన్నడం చెప్తావట్రా?" అన్నాడాయన. అరుగంతా ఘొల్లుమంది. నా పేపరు దిద్దినాయన అక్కడుంటే ఆయనా గొంతు కలిపేవాడు.

రామ్మూర్తి మావయ్య మాత్రం నవ్వలేదు. "చింతపండు లేకుండా పులుసా? అయితే ఇవాళ మా భోజనం ఇక్కడే బావా. తిని చెప్తాం," అన్నాడు. ఆయన వెంట మరో ఇద్దరు పెద్దలు బయల్దేరారు. పెదనాన్న గుమ్మం వైపు తిరిగి, "ఏమే రత్నం, చింతపండు ముట్టుకోకు. ఈ పరిగెల్లో దీన్ని వేసి పులుసు పెట్టు," అని ఆజ్ఞాపించాడు. వంటింట్లోంచి ఈసారి ఏ చప్పుడూ రాలేదు. అదే నన్ను భయపెట్టింది.

కాసేపటికి నీళ్లు తాగే వంకతో లోపలికి వెళ్లాను. పొయ్యి మీద దాక కుతకుతలాడుతోంది. మెంతుల వాసన, వేగిన ఉల్లిపాయ వాసన, వాటి వెనకే, తప్పులేదు, చింతపండు వాసన. పెద్దమ్మ మోచేతుల దాకా చింతపండు గుజ్జుతో ఉంది.

"పెద్దమ్మా! వెయ్యొద్దన్నాడుగా పెదనాన్న?"

"మెల్లిగా ఏడు. నాకు చెవులున్నాయి," అంది. "హులంటే పులని నాకు తెలీదనుకున్నావా? నాట్లకొచ్చే ఆడాళ్లతో పాతికేళ్ల నించీ అరుస్తున్నాను. నీకంటే నాకే ఎక్కువ మార్కులొస్తాయి."

"మరి చెప్పొచ్చుగా ఆయనకి?"

"ఎప్పుడు? ఆ రామ్మూర్తన్నయ్య ఎదురుగానా?" అంది. గుడ్డతో దాక చెవులు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. పులుసు లోపల పరిగెలన్నీ ఒకేసారి అటు నుంచి ఇటు ఒత్తిగిలాయి. "ఆయనకి వరి రాలేదు. కన్నడం రాలేదు. చేపలన్నా వచ్చనుకోనీరా."

నేను దాకలోకి తొంగిచూసి, "ఇంతకీ ఆ చేపేదీ?" అన్నాను.

"పెరట్లో నీళ్ల గాబులో వేశాను. వేలెడంత లేదు, దాన్ని చంపి ఏం బావుకుంటాం? దాకలోకి చూసి లెక్కెట్టేవాడు ఎవడున్నాడు," అంది. ఆ మాట పూర్తయ్యీ కాకుండానే పెరట్లోంచి "టిక్" మంది. పెద్దమ్మ కూడా "టిక్" మంది. ఇద్దరూ బాగా కలిసిపోయినట్టు కనిపించింది.

వసారాలో అందరికీ వరసగా విస్తళ్లు వేశారు. పెదనాన్న పక్కన నేను, ఎదురుగా రామ్మూర్తి మావయ్య, అటూ ఇటూ సాక్షులిద్దరు. పెద్దమ్మే స్వయంగా వడ్డించింది. మావయ్య మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ ముద్ద గొంతు దిగడానికి పట్టినంత కాలంలో ఒక పంట కోతకొచ్చేది. పెదనాన్న ముద్ద కలపడం మరిచిపోయి ఆయన కంఠం వైపే చూస్తున్నాడు. మావయ్య కళ్లు తెరిచి, పెదవులు నాక్కుని, పెద్దమ్మ వైపు చూసి, పెదనాన్న వైపు చూసి, "పుల్లగానే ఉంది బావా," అన్నాడు. ఆ తరవాత ఎంతో గొప్ప మనసుతో, "మరి కాస్త వెయ్యమ్మా," అన్నాడు.

పెదనాన్న ఛాతీ ఆ వసారాకు సరిపోలేదు. చేపల పుట్టుక గురించీ పులుపు పుట్టుక గురించీ అనర్గళంగా చెబుతూ పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అంతలో దవడ ఆగింది. నాలుకతో ఏదో పక్కకు నెట్టి, ఎడమచేత్తో పైపంచె అడ్డం పెట్టుకుని, వేళ్లతో తీసి చూసుకున్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. నున్నగా, గోధుమరంగులో మెరుస్తూ చింతగింజ.

ఆయన గింజ వైపు చూశాడు. గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ దూలం మీద కొత్తగా ఏదో కనిపించినట్టు పైకి చూస్తోంది.

"ఏంటి బావా, ముల్లా?" అన్నాడు మావయ్య.

"ముల్లే," అన్నాడు పెదనాన్న. "చేపన్నాక ముల్లుండదా?" గింజను మెల్లగా రొంటిన దోపుకున్నాడు. తరవాత చేపల కబుర్లు కట్టిపెట్టి పులుసు ఆఖరి చుక్క దాకా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, పెద్దమ్మకు మాత్రమే వినబడేలా, "బాగుంది," అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నన్ని రోజుల్లో వంట గురించి ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. అప్పటిదాకా ఆయన మెచ్చుకున్నదంతా చేపనే.

పులుపు చేప కీర్తి చుట్టుపక్కల క్యాంపులన్నిటికీ పాకింది. ఆ ఏడాది చింతపండు కొనడం మానేసి డ్రాపు దగ్గర గాలం వేసుకుని కూర్చున్నవాళ్లను నేనే ఎరుగుదును. ఒక్కరికీ మళ్లీ దొరకలేదు. అసలుది మా గాబులో నాలుగు రోజులు టిక్కు టిక్కుమని సంసారం చేసింది. ఐదో రోజు నేనే చెంబులో తీసుకెళ్లి కాలువలో వదిలాను. అరుగు న్యాయస్థానం యథాప్రకారం నడిచింది గానీ ఒక చిన్న మార్పు వచ్చింది. తీర్పు అంతా చెప్పాక పెదనాన్న గుమ్మం వైపు తిరిగి, "అంతేనంటావా రత్నం?" అని అడిగేవాడు. "అంతేలెండి," అనేది లోపలి నుంచి. అప్పుడుగానీ చేపకు ఆ పేరు ఖాయమయ్యేది కాదు.

ఇదంతా దుకాణంలో తొట్టి ముందు గొంతుక్కూర్చుని నేను తలుచుకుంటున్నాను. "గిది మలెనాడు చేప సార్," అన్నాడు కుర్రాడు. "అక్కడ కొండలల్ల తుంగ నదిల దొర్కుతది. జీబ్రా లోచ్ అంటరు." ఇంతలో మా ఆవిడ ఫోను పైకెత్తి తొట్టికి చూపించింది. నేను కన్ను ఆర్పేలోగా దాని పేరు, ఇంటిపేరు, గోత్రం, నోరు తిరగని లాటిన్‌లో సహా తెర మీద వరసకట్టాయి. అద్దానికి చెవి ఆనించాను. లోపలి నుంచి "టిక్" మంది. ఇక నాకు ఏ సాక్ష్యమూ అక్కర్లేదు. నేను ఫోన్లకు శత్రువును కాను. ఆ రోజు మా అరుగు మీద అలాంటిది ఒకటి ఉంటే, ఎవరో ఒకరు చూపించేవారు, రామ్మూర్తి మావయ్య ఒక నవ్వు నవ్వేవాడు, అందరూ ఎవరిళ్లకు వాళ్లు పోయి అన్నాలు తినేవారు. ఒక చేపకు పేరు పెట్టడానికి అప్పుడు ఒక పూటంతా పట్టింది. ఒక ఊరు జనం, ఒక లస్కరు, డజను పరిగెలు, దాకెడు పులుసు కావలసి వచ్చాయి. అంతా చేసి తప్పు పేరు పెట్టాం. ఇప్పుడు సరైన పేరు నా కళ్లెదుట వెలుగుతూ ఉంది, దాన్ని చూసి నోరూరడం లేదు. పెదనాన్నకు తెలిసిన చేపలన్నీ నాకు ఫోన్లో ఉన్నాయి. గుమ్మం వైపు తిరిగి "అంతేనంటావా?" అని అడిగే తెలివి మాత్రం అందులో ఎక్కడుందో వెతకాలి.

పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. పెద్దమ్మ సింధనూరులో కూతురి దగ్గర ఉంటోంది. కంటిచూపు తగ్గింది గానీ చెవులు ఇప్పటికీ అటకెక్కిన ఎలుకను పేరుపెట్టి పిలుస్తాయి. దుకాణంలోంచే ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, మన పులుపు చేప దొరికింది."

"ఏ ఊరంటా?" అంది.

"మలెనాడంట. అక్కడి కొండల్లో నది. వానలకి కొట్టుకొచ్చి, డ్యాములో పడి, కాలువలో పడి, మన డ్రాపు దాకా వచ్చుంటుంది."

"అమ్మో, అంత దూరమే! వేలెడంత ప్రాణం," అంది. కాసేపు ఆ దారంతా నడిచి వచ్చినట్టుంది. "పేరేంటంట?"

"జీబ్రా. చారల గుర్రం అని."

"గుర్రమా? ఈరన్న పులన్నాడుగా."

అప్పుడు చెప్పాను, ముప్పయ్యేళ్లుగా ఎవరికీ చెప్పని మాట. "పెద్దమ్మా, ఆ రోజు పెదనాన్న నోట్లో చింతగింజ పడింది. రొంటిన దోపుకున్నాడు. నేను చూశాను."

అటు నుంచి "టిక్" మని చప్పుడు వచ్చింది. "పడక? ఆయనకి వడ్డించిన ముక్క కింద పెట్టానుగా."

"కావాలనే వేశావా?"

"మరి? ఊళ్లోవాళ్లు నమ్మితే ఫరవాలేదురా. ఆయన కూడా నమ్మేస్తే నేను బతికేదెలాగ? మర్నాటి నించీ చింతపండు జాడీ ఇంట్లో ఉండనిచ్చేవాడా?" అని కిసకిసా నవ్వింది. నవ్వు సగంలో ఆపి, గొంతు బాగా తగ్గించింది.

"సరేగానీ, ఆ గుర్రం సంగతి మెల్లిగా చెప్పు. మీ పెదనాన్న ఫోటో ఇక్కడే, నా నెత్తి మీద గోడకే ఉంది."